అప్‌డేట్ తర్వాత ఆఫీసు మెయిల్ ఆగిపోతే: ఖాతా తీసేయకముందు చూడవలసినవి

జూన్ నెల, తొలకరి పడిన మూడో రోజు. నల్లగొండలో మా విత్తనాల పంపిణీ కార్యాలయం తలుపులు తెరిచీ తెరవకముందే ఫోను మోగింది. దేవరకొండ ప్రాంతం చూసే మా ఫీల్డ్ అధికారి. "అన్నా, రాత్రి ఫోను దానంతట అదే అప్‌డేట్ అయింది. పొద్దున్నుంచి ఆఫీసు మెయిల్ తెరుచుకోవడం లేదు. డీలర్ ఎదురుగా కూర్చుని ఇన్‌వాయిస్ చూపించమంటున్నాడు" అన్నాడు. నేను చేతిలో టీ గ్లాసు దించకుండానే, "ఖాతా తీసేసి మళ్లీ చేర్చు తమ్ముడూ" అని చెప్పేశాను.

తీసేశాడు. మళ్లీ చేర్చబోతే కుదరలేదు. అసలు నష్టం ఆ తర్వాత బయటపడింది. ముందురోజు చందంపేట వైపు తండాల్లో తిరుగుతూ, సిగ్నల్ లేని చోట అతను రాసిన నాలుగు ఆర్డర్ మెయిళ్లు అవుట్‌బాక్స్‌లో ఎదురుచూస్తున్నాయి. ఖాతాతో పాటే అవీ పోయాయి. ఇంతా చేస్తే అప్‌డేట్ అయిన ఫోనును కంపెనీ భద్రతా యాప్ ఇంకోసారి పరీక్షించాలనుకుంది, అంతే. ఆ యాప్ తెరిచి ఒక బటన్ నొక్కితే పని జరిగేది. డీలర్ల దగ్గరికి మళ్లీ వెళ్లి ఆర్డర్లు రాసుకురావడానికి అతనికి ఒక రోజంతా పట్టింది. తప్పు అతనిది కాదు, తొందరపడి చెప్పిన నాది.

కార్యాలయంలో కంప్యూటర్లతో పాటు ఫోన్ల బాధ్యత కూడా నాదే కాబట్టి, అప్పటి నుంచి ఒక వరుస పెట్టుకున్నాను. పొలానికి నీళ్లు రాకపోతే మన రైతు ముందు తన మడవ చూసుకుంటాడు, తర్వాత పిల్లకాలువ వెంట నడుస్తాడు, ఆ తర్వాతే సాగర్ ఎడమ కాలువ గేటు సంగతి అడుగుతాడు. మెయిల్ కూడా అలాంటిదే. మీ ఫోను మడవ, మెయిల్ యాప్ పిల్లకాలువ, కంపెనీ సర్వర్ గేటు. నీళ్లు ఎక్కడ ఆగాయో తెలియకుండా మడవ తవ్వి పోస్తే ఉన్న గట్టు కూడా పోతుంది.

ముందు ఏమీ చెరపకండి

ఖాతా తీసేయడం, యాప్ డేటా తుడిచేయడం, ఫోనును ఫ్యాక్టరీ రీసెట్ చేయడం. ఈ మూడూ చివరి మందులు. అథెంటికేటర్ యాప్‌ను అయితే చివరికి కూడా తీయకండి. లాగిన్‌కు అనుమతి ఇచ్చేది అదే. దాన్ని తీసేస్తే తాళంచెవి లోపల పెట్టి తలుపు వేసుకున్నట్టే.

మెయిల్ యాప్ తెరుచుకుంటూ ఉంటే, లోపలికి కొత్త మెయిళ్లు రాకపోయినా సరే, డ్రాఫ్టులు, అవుట్‌బాక్స్ చూడండి. పంపనివి ఉంటే ఆ వాక్యాలను కాపీ చేసి నోట్స్ యాప్‌లో పెట్టుకోండి, జోడించిన ఫొటోలు గ్యాలరీలో ఉన్నాయో లేదో చూసుకోండి. తర్వాత తెర మీద కనిపిస్తున్న ఎర్రర్‌ను స్క్రీన్‌షాట్ తీయండి. "ఏదో వచ్చింది, ఓకే నొక్కాను, పోయింది" అనే మాట నేను వారానికి రెండుసార్లు వింటాను. ఆ పోయిన వాక్యంలోనే జవాబు ఉంటుంది.

సెట్టింగ్స్‌లో "ఫోన్ గురించి" అనే చోటుకు వెళ్లి ఆండ్రాయిడ్ వెర్షన్, భద్రతా ప్యాచ్ తేదీ కూడా రాసుకోండి. ఐఫోన్‌లో అయితే జనరల్ కింద ఐఓఎస్ వెర్షన్ ఉంటుంది.

బ్రౌజర్ పరీక్ష

ఈ మార్గదర్శిలో ఒక్కటే గుర్తుంచుకుంటానంటే దీన్ని గుర్తుంచుకోండి. అదే ఫోనులో బ్రౌజర్ తెరిచి, ఇన్‌కాగ్నిటో కిటికీలో మీ ఆఫీసు మెయిల్ వెబ్ పేజీకి వెళ్లి లాగిన్ అవ్వండి. ఇన్‌కాగ్నిటో ఎందుకంటే, మామూలు కిటికీలో పాత లాగిన్ ఇంకా బతికే ఉండవచ్చు. అది తెరుచుకుంటే పాస్‌వర్డ్ సరిగ్గా ఉందన్న భ్రమ కలుగుతుంది.

మెయిల్ చక్కగా తెరుచుకుందా? గేటు తెరిచే ఉంది, పాస్‌వర్డ్ బాగుంది, లోపం యాప్‌లోనో ఫోనులోనో ఉంది. డీలర్ ఎదురుగా ఉంటే ఇన్‌వాయిస్ ఇక్కడి నుంచే చూపించేయండి, మరమ్మతు తర్వాత.

పాస్‌వర్డ్ మార్చమని అడిగిందా? గడువు తీరింది. అప్‌డేట్‌కూ దీనికీ సంబంధం లేదు, రెండూ ఒకే రోజు పడ్డాయి. ఇలాంటివి నేను చాలా చూశాను, పాపం అప్‌డేట్ మీదికి పోతుంది.

ఈ పరికరం నుంచి అనుమతి లేదు అని వచ్చిందా? పాస్‌వర్డ్ ఒప్పుకుంది, ఫోనును ఒప్పుకోకపోయి ఉండవచ్చు. ఇన్‌కాగ్నిటోలో సరైన ఫోను కూడా గుర్తింపు చూపలేకపోవచ్చు. నేరుగా కింద భద్రతా నిబంధనల దగ్గరికి వెళ్లండి. ఆఫీసు కంప్యూటర్‌లో కూడా ఎవరికీ తెరుచుకోకపోతే సర్వర్ ఆగినట్టు. ఆ ఫోనును జేబులో పెట్టుకుని భోజనానికి వెళ్లండి.

చిన్న విషయాలు, నవ్వకుండా చూడండి

అప్‌డేట్ చాలాసార్లు రాత్రిపూట ఇన్‌స్టాల్ అయి, ఫోను తానే ఆగి మళ్లీ మొదలవుతుంది. అలా మొదలయ్యాక మీరు ఒకసారి పిన్ కొట్టి తాళం తీసే వరకు మెయిల్ యాప్ తన డేటాను తాకలేదు, ఎందుకంటే అది గుప్తీకరించి ఉంటుంది. తెల్లవారుజామున రావలసిన మెయిళ్లు రాలేదంటే కారణం ఇదే కావచ్చు. తాళం తీసి కొద్ది నిమిషాలు ఆగండి.

పెద్ద అప్‌డేట్ తర్వాత మొదటి కొన్ని గంటలు ఫోను వెనకాల యాప్‌లను సర్దుకుంటూ ఉంటుంది. వేడెక్కుతుంది, బ్యాటరీ తింటుంది, నెమ్మదిస్తుంది. ఛార్జింగ్‌కు పెట్టి ఒకసారి రీస్టార్ట్ చేయండి. ఇది కంటితుడుపు సలహాలా వినిపిస్తుంది కానీ పని చేస్తుంది.

తేదీ, సమయం "ఆటోమేటిక్" మీద ఉన్నాయా? అథెంటికేటర్‌లోని ఆరంకెల కోడ్ 30 సెకన్లకోసారి మారుతుంది, అదీ గడియారాన్ని బట్టి. ఫోను గడియారం కొన్ని నిమిషాలు వెనకబడితే మీరు ఎంత సరిగ్గా కొట్టినా కోడ్ తప్పే అవుతుంది. భద్రతా సర్టిఫికెట్ల గడువు కూడా ఇదే గడియారంతో పోల్చి చూస్తారు.

తర్వాత వైఫై ఆపి మొబైల్ డేటాతో, డేటా ఆపి వైఫైతో చూడండి. ఒకదాంట్లో వచ్చి మరోదాంట్లో రాకపోతే నెట్‌వర్క్ దారిలో లోపం ఉంది. వీపీఎన్ యాప్ (నెట్‌ను మరో సర్వర్ గుండా మళ్లించేది) ఏదైనా ఉంటే కాసేపు ఆపి చూడండి. అది కంపెనీ ఇచ్చినదైతే ఆపకండి, అది నడుస్తోందా లేదా అని మాత్రమే చూడండి.

ఫోను కొత్తదైంది, యాప్ పాతదే

ప్లే స్టోర్ తెరిచి మెయిల్ యాప్, అథెంటికేటర్, కంపెనీ పోర్టల్ యాప్ (ఫోను నిబంధనల ప్రకారం ఉందో లేదో పరీక్షించే కంపెనీ భద్రతా యాప్) మూడింటినీ అప్‌డేట్ చేయండి. వీటితో పాటు చాలామంది మరిచిపోయేవి రెండున్నాయి: క్రోమ్, ఆండ్రాయిడ్ సిస్టమ్ వెబ్‌వ్యూ. వెబ్‌వ్యూ అంటే యాప్ లోపలే వెబ్ పేజీని చూపించే ముక్క. చాలా యాప్‌లలో లాగిన్ పేజీ దాని మీదే తెరుచుకుంటుంది. 2021 మార్చిలో సరిగ్గా ఇదే వెబ్‌వ్యూలో వచ్చిన లోపం వల్ల ప్రపంచమంతటా జీమెయిల్‌తో సహా ఎన్నో ఆండ్రాయిడ్ యాప్‌లు తెరవగానే మూతపడ్డాయి. గూగుల్ సవరించిన వెబ్‌వ్యూ, క్రోమ్ విడుదల చేశాకే కుదుటపడ్డాయి. ఫోనును రీసెట్ చేసుకున్నవాళ్లు ఊరికే శ్రమపడ్డారు.

ఐఫోన్లకు ఈ బాధ లేదనుకోకండి. 2017 సెప్టెంబరు 19న ఐఓఎస్ 11 వచ్చినప్పుడు, ఆఫీస్ 365, ఔట్‌లుక్ డాట్ కామ్, విండోస్ సర్వర్ 2016 మీద నడిచే ఎక్స్ఛేంజ్ 2016 (ఎక్స్ఛేంజ్ అంటే మైక్రోసాఫ్ట్ మెయిల్ సర్వర్) ఖాతాలున్నవారు ఆపిల్ సొంత మెయిల్ యాప్ నుంచి మెయిల్ పంపలేకపోయారు. సరిగ్గా వారానికి 11.0.1 వచ్చి సరిచేసింది. ఆ వారం రోజులూ ఔట్‌లుక్ యాప్ వేసుకున్నవారికి పని ఆగలేదు. ఇలాంటి లోపాలకు మీ చేతిలో మరమ్మతు ఉండదు. మరో దారిలో పని కానిచ్చుకుంటూ చిన్న అప్‌డేట్ కోసం ఆగడమే.

యాప్ అప్‌డేట్ అయ్యాక కూడా మొండికేస్తే, సెట్టింగ్స్‌లో ఆ యాప్ స్టోరేజ్ కింద "క్యాష్ తుడిచివేయి" నొక్కండి. దాని పక్కనే "డేటా తుడిచివేయి" కూడా ఉంటుంది. మొదటిది గుమ్మం ఊడ్వడం, రెండోది ఇల్లు ఖాళీ చేయడం. వేలు జాగ్రత్త.

మెయిల్ వస్తోంది కానీ తెలియడం లేదు

యాప్ తెరిస్తేనే మెయిళ్లు దిగి, లేకపోతే కిమ్మనకుండా ఉంటే, అది లాగిన్ లోపం కాదు. 2015లో ఆండ్రాయిడ్ 6తో వచ్చిన డోజ్ అనే ఏర్పాటు, వాడకుండా పడి ఉన్న ఫోనులో యాప్‌లను నిద్రపుచ్చుతుంది. ఫోను కంపెనీలు దాని మీద తమ సొంత కత్తెర కూడా వేస్తాయి. అప్‌డేట్ తర్వాత ఈ సెట్టింగులు మొదటికి వచ్చే అవకాశం ఉంది. మెయిల్ యాప్ బ్యాటరీ వాడకాన్ని "అన్‌రిస్ట్రిక్టెడ్" చేయండి. సామ్‌సంగ్‌లో "స్లీపింగ్ యాప్స్" జాబితాలో మెయిల్ ఉంటే తీసేయండి, షావోమీలో "ఆటోస్టార్ట్" ఆన్ చేయండి. డేటా సేవర్ కూడా చూడండి. ఆండ్రాయిడ్ 13 నుంచి నోటిఫికేషన్లకు ప్రతి యాప్ విడిగా అనుమతి అడగాలి. తొందరలో మీరు "వద్దు" నొక్కి ఉంటే అది వద్దుగానే ఉంటుంది.

పాస్‌వర్డ్ పదే పదే అడుగుతుంటే

ఇక్కడ కాస్త నిలబడాలి, ఎందుకంటే ఎక్కువమంది చిక్కుకునేది ఇక్కడే.

పాత పద్ధతిలో మెయిల్ యాప్ మీ పాస్‌వర్డ్‌ను తనలో దాచుకుని, ప్రతిసారీ సర్వర్‌కు అదే అప్పగించేది. కొత్త పద్ధతిలో మీరు కంపెనీ లాగిన్ పేజీలో ఒకసారి పాస్‌వర్డ్ ఇచ్చి, అథెంటికేటర్‌లో ఒప్పుకుంటే, యాప్‌కు ఒక టోకెన్ అందుతుంది. సినిమా హాలు టికెట్ లాంటిది, పాస్‌వర్డ్ దాని చేతికి పోదు. మైక్రోసాఫ్ట్ తన ఎక్స్ఛేంజ్ ఆన్‌లైన్‌లో పాత పద్ధతిని 2022 అక్టోబరు 1 నుంచి మూసుకుంటూ వచ్చింది. గూగుల్ వ్యక్తిగత ఖాతాలకు అదే ఏడాది మే 30న కేవలం పాస్‌వర్డ్‌తో లోపలికి వచ్చే యాప్‌లను ఆపేసింది.

అందుకే ఫోనుతో వచ్చిన పాత మెయిల్ యాప్‌లో మీరు ఎంత సరైన పాస్‌వర్డ్ కొట్టినా ఒప్పుకోకపోవచ్చు. గుర్తుపట్టడం తేలిక. ఖాతా చేర్చేటప్పుడు యాప్ తన సొంత పెట్టెలోనే పాస్‌వర్డ్ అడిగితే పాత పద్ధతి. కంపెనీ పేరో, గుర్తో ఉన్న లాగిన్ పేజీ తెరుచుకుంటే కొత్త పద్ధతి. పాతదైతే ఔట్‌లుక్, జీమెయిల్ వంటి యాప్‌కు మారడమే మంచిది. ఐఫోన్ సొంత మెయిల్‌లో అయితే ఎక్స్ఛేంజ్ ఖాతా చేర్చేటప్పుడు "సైన్ ఇన్" ఎంచుకోవాలి, చేత్తో సర్వర్ పేరు నింపే దారి కాదు.

చిన్న సంస్థల్లో ఇంకా ఐమ్యాప్ (మెయిళ్లను సర్వర్ మీదే ఉంచి ఫోనులో చూపించే) పద్ధతి నడుస్తుంటుంది. అక్కడ మెయిల్ లోపలికి రావడానికి పోర్టు (సర్వర్ తలుపు నంబరు) 993, బయటికి పోవడానికి 587 లేదా 465 సాధారణం. 143, 25 వంటి పాత, గుప్తీకరణ లేని పోర్టులు మీ ఫోనులో ఉంటే, కొత్త యాప్ వాటిని నిరాకరించవచ్చు. మెయిళ్లు వస్తున్నాయి కానీ పోవడం లేదంటే మొదట బయటికి పోయే సర్వర్ సెట్టింగులే చూడండి. వ్యక్తిగత జీమెయిల్‌ను ఇలా కలుపుకున్నవారు రెండంచెల ధ్రువీకరణ పెట్టుకుని, గూగుల్ ఇచ్చే 16 అక్షరాల యాప్ పాస్‌వర్డ్ వాడాలి.

ఒకటే పాస్‌వర్డ్‌ను పట్టుదలగా పదిసార్లు కొట్టకండి, ఖాతాకే తాళం పడుతుంది. ఆ తాళం మీరు వేయకపోయినా పడవచ్చు. మహబూబ్‌నగర్‌లో మా సహోద్యోగి ఒకరి ఖాతా మూడు రోజులు వరుసగా అలా మూతపడింది. ఆయన కొత్త ఫోనును అటు తిప్పి ఇటు తిప్పి చూశాను, ఏ లోపమూ లేదు. చివరికి తేలింది ఏమిటంటే, ఇంట్లో పిల్లవాడు ఆటలాడుకునే పాత ఫోనులో ఆఫీసు ఖాతా ఇంకా ఉంది. అది మార్చేసిన పాస్‌వర్డ్‌తో రాత్రింబవళ్లు సర్వర్ తలుపు కొడుతూనే ఉంది.

కంపెనీ ఫోనును ఒప్పుకోకపోతే

"మీ పరికరం సంస్థ నిబంధనలకు అనుగుణంగా లేదు" అన్న మాట వస్తే గేటు దగ్గర కాపలావాడు ఆపినట్టు. కాపలావాడితో గొడవ పడి లాభం లేదు, అడిగిన కాగితం చూపాలి. కంపెనీ పోర్టల్ లాంటి యాప్ ఉంటే దాన్ని తెరిచి, మీ ఫోను పేరు మీద నొక్కి, పరికరం సెట్టింగులు సరిచూసే బటన్ నొక్కండి. ఆ రోజు దేవరకొండలో మేము చేయవలసిన పని ఇదే. ఏ నిబంధన తప్పిందో అక్కడ కనిపిస్తుంది: పిన్ పొట్టిగా ఉండటం, భద్రతా ప్యాచ్ పాతబడటం, రూట్ చేసిన (తయారీదారు పెట్టిన రక్షణను తొలగించిన) ఫోను. బీటా (ఇంకా పరీక్షలో ఉన్న) అప్‌డేట్ వేసుకున్నవారిని, కొన్నిసార్లు మరీ కొత్త వెర్షన్‌ను కూడా, కంపెనీలు పరీక్షించే వరకు ఆపుతాయి. సరిచేశాక వెంటనే తెరుచుకోకపోతే కాసేపు ఆగండి, ఆ సమాచారం సర్వర్‌కు చేరడానికి సమయం పడుతుంది.

వర్క్ ప్రొఫైల్ (ఫోనులో ఆఫీసు యాప్‌లకు వేరుగా కట్టిన గది) ఉన్నవారు ఇంకొకటి చూడాలి. ఆఫీసు యాప్‌ల మీద చిన్న బ్రీఫ్‌కేస్ గుర్తు ఉంటుంది. అవన్నీ బూడిద రంగులోకి మారాయంటే ప్రొఫైల్ విరామంలో ఉంది. యాప్‌ల జాబితాలో "వర్క్" విభాగం కింద ఉండే స్విచ్ వేయండి, చాలు. ప్రొఫైల్‌ను తొలగించే బటన్ కూడా సెట్టింగ్స్‌లో ఉంటుంది. దాన్ని నొక్కితే ఆఫీసు యాప్‌లు, ఫైళ్లు అన్నీ పోతాయి.

చాలా పాతకాలం నుంచి నమోదై ఉన్న ఫోన్లలో వేరే చిక్కు ఉంది. అప్పట్లో కంపెనీలు "డివైస్ అడ్మిన్" అనే అధికారంతో ఫోను మొత్తాన్ని చేతిలో పెట్టుకునేవి. గూగుల్ ఆండ్రాయిడ్ 10 నాటికి ఆ అధికారాలను కత్తిరించింది. గూగుల్ సేవలున్న ఫోన్లకు మైక్రోసాఫ్ట్ ఇన్‌ట్యూన్ (కంపెనీలు ఫోన్లను నిర్వహించుకునే సేవ) 2024 డిసెంబరు 31తో ఆ పద్ధతికి మద్దతు ఆపేసింది. అలాంటి ఫోనును ఎంత సర్దినా లాభం లేదు, వర్క్ ప్రొఫైల్ పద్ధతిలో కొత్తగా నమోదు చేయమని ఐటీ విభాగాన్ని అడగాలి. నా మట్టుకు ఇది మంచి మార్పు. ఫోను సొంత మెయిల్ యాప్‌లో ఎక్స్ఛేంజ్ ఖాతా కలిపి "మొత్తం డేటా చెరిపే అధికారం" ఇచ్చేస్తే, కంపెనీ ఒక ఆదేశంతో మీ కూతురి పెళ్లి ఫొటోలతో సహా తుడిచేయగలదు. వర్క్ ప్రొఫైల్‌లో అయితే ఆఫీసు గది మాత్రమే ఖాళీ అవుతుంది.

ఇక ఖాతా తీసి మళ్లీ చేర్చడం

పైవన్నీ అయ్యాకే ఇది. ముందుగా బ్రౌజర్‌లో మీ మెయిళ్లు, క్యాలెండర్, కాంటాక్టులు సర్వర్ మీద ఉన్నాయని కళ్లారా చూసుకోండి. పాప్ పద్ధతి ఖాతా అయితే మరింత జాగ్రత్త, మెయిళ్లు సర్వర్ నుంచి తొలగిపోయి మీ ఫోనులో మాత్రమే మిగిలి ఉండవచ్చు. ఆఫీసు ఖాతాలో దాచుకున్న డీలర్ల నంబర్లు కూడా ఖాతాతో పాటే మాయమవుతాయి, మళ్లీ చేర్చాకే తిరిగొస్తాయి. అథెంటికేటర్ పని చేస్తోందని వేరే లాగిన్‌తో పరీక్షించండి. పని దినం పొద్దున చేయండి, శనివారం సాయంత్రం కాదు. మధ్యలో ఇరుక్కుంటే ఎత్తడానికి ఐటీ మనిషి ఉండాలి కదా.

ఖాతా తీసి, రీస్టార్ట్ చేసి, యాప్ అడిగిన దారిలోనే చేర్చండి. లాగిన్ సమయంలో తెర మీద రెండంకెల సంఖ్య కనిపించి, అథెంటికేటర్‌లో అదే కొట్టమంటుంది. మీరు లాగిన్ అవుతున్నప్పుడే దాన్ని ఒప్పుకోండి. అడగకుండా వచ్చిన అభ్యర్థనను తిరస్కరించండి.

ఐటీ విభాగానికి ఎలా రాయాలి

"మెయిల్ రావడం లేదు, అర్జెంట్" అని వాట్సాప్‌లో పంపితే అవతలివారు ఎనిమిది ప్రశ్నలు అడగాలి. మా వాళ్లకు నేను రాసిచ్చిన నమూనా ఇది:

"నమస్కారం. నిన్న రాత్రి నా ఫోను ఆండ్రాయిడ్ 14 నుంచి 15కు అప్‌డేట్ అయింది. ఈ ఉదయం 7 గంటల నుంచి ఔట్‌లుక్ యాప్‌లో కొత్త మెయిళ్లు దిగడం లేదు. అదే ఫోను బ్రౌజర్‌లో పాస్‌వర్డ్ ఒప్పుకుంది, కానీ పరికరానికి అనుమతి లేదని వచ్చింది. ఆఫీసు కంప్యూటర్‌లో తెరుచుకుంటోంది. మొబైల్ డేటా, వైఫై రెండింట్లోనూ ఇదే తీరు. యాప్‌లన్నీ అప్‌డేట్ చేశాను, ఖాతా తీయలేదు. స్క్రీన్‌షాట్ జత చేశాను."

ఇంత రాస్తే చాలు, చదివినవారికి గేటు దగ్గరే నీళ్లు ఆగాయని అర్థమవుతుంది. పాస్‌వర్డ్ మాత్రం ఇందులో రాయకండి. నిజమైన ఐటీ మనిషి ఎప్పుడూ అడగడు. మెయిల్ ఆగిన గందరగోళంలోనే "మీ మెయిల్ పెట్టె మూసేస్తున్నాం, ఈ లింకు నొక్కండి" అనే సందేశాలకు మనుషులు లొంగుతారు. ఫోను తెరను దూరం నుంచి చూసే యాప్ వేయమని తెలియని వ్యక్తి చెబితే, వేయకుండా కాల్ కట్ చేయండి. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోను చేయండి.

వచ్చే అప్‌డేట్‌కు ముందు

భద్రతా ప్యాచ్‌లను వాయిదా వేయవద్దు. ఆండ్రాయిడ్ అంకె మారే పెద్ద అప్‌డేట్‌ను మాత్రం విడుదలైన మొదటి వారమే వేసుకోవలసిన అవసరం లేదు, ఐటీ విభాగం సరేనన్నాక వేసుకోండి. రాత్రిపూట దానంతట అదే ఇన్‌స్టాల్ అయ్యే స్విచ్‌ను ఆపుకోండి. అథెంటికేటర్‌లో బ్యాకప్ ఆన్ చేయండి. లాగిన్‌కు రెండో మార్గంగా మీ ఫోను నంబరో మరొకటో నమోదు చేసి ఉంచండి.

మా కార్యాలయంలో ఇప్పుడు పెద్ద అప్‌డేట్ ఏది వచ్చినా ముందు నా ఫోనులో వేస్తాను. రెండు రోజులు మెయిల్ సరిగ్గా నడిస్తే మిర్యాలగూడ, మహబూబ్‌నగర్ వాళ్లకు చెబుతాను. అచ్చంపేట, దేవరకొండ వాళ్ల వంతు చివర. సిగ్నల్ లేని ఊళ్లలో తిరిగేవాళ్లు వాళ్లే, అవుట్‌బాక్స్ నిండి ఉండేదీ వాళ్లదే.